సెలయేటి నీటితో ఇల్లు వెలిగించిన ఆర్మ్‌స్ట్రాంగ్

ధవళేశ్వరము దాటినది మొదలు సముద్రమున కలియువరకు గోదావరి కోనసీమకు ఎంత నీరు ఇచ్చుచున్నదో వేరుగ చెప్పనక్కరలేదు. తూర్పున గౌతమి, పడమట వసిష్ఠ, నడుమ వైనతేయ, వీని మధ్య కాటన్ దొర త్రవ్వించిన కాలువలు, వానినుండి చీలిన బోదెలు, మురుగు కోడులు. కొత్తపేట మొదలు రాజోలు వరకు నీటిని దాటకుండ ఒక ఊరినుండి మరియొక ఊరికి పోవుట కష్టము. ఇంతటి నీటి నడుమ నివసించిన మన పూర్వుల ఇండ్లలో మాత్రము చిరకాలము ఆముదపు దీపములును, అటుపై కిరసనాయిలు బుడ్లును వెలిగినవి. నీరు వాకిట ప్రవహించుచుండగా దీపమునకు కావలసిన చమురు ఎక్కడనుండియో ఓడలలో రావలసివచ్చెను. లొల్ల లాకులవద్ద తలుపులు ఎత్తినప్పుడు నీరు చేయు ఘోషను విన్న బడిపిల్లవాడు, ఈ బలముతో దీపమేల వెలిగింపరాదని ఉపాధ్యాయుని అడిగినచో ఆశ్చర్యము లేదు.

ఆ ప్రశ్నకు తన ఇంటినే సమాధానముగ కట్టి చూపిన మొదటి గృహస్థు విలియం జార్జి ఆర్మ్‌స్ట్రాంగ్. ఇంగ్లండు ఉత్తరభాగమున ఒక కొండవాగు నీటితో డైనమోను త్రిప్పించి, 1878లో ఆయన తన ఇంట విద్యుద్దీపమును వెలిగించెను. జలవిద్యుత్తుతో వెలిగిన ఇండ్లలో ప్రపంచమున అదియే మొదటిదని చెప్పుదురు. ఆయన మన కాటన్ దొరకు సమకాలికుడు. వయస్సున ఏడేండ్లు చిన్న. ఇందులో ఒక చిత్రమైన సంగతి కలదు. ధవళేశ్వరమున కాటన్ ఆనకట్ట పని ఆరంభించిన 1847వ సంవత్సరముననే ఆర్మ్‌స్ట్రాంగ్ న్యాయవాదవృత్తిని విడిచి జలయంత్రముల కర్మాగారమును తెరచెను. ఒకరు నీటిని చేలకు మళ్లించిరి. మరియొకరు నీటిచేత కూలిపని చేయించిరి.

ఆర్మ్‌స్ట్రాంగ్ 1810 నవంబరు 26వ తేదీన టైన్ నదీతీరమందలి న్యూకాజిల్ నగరమున జన్మించెను. తండ్రి పేరును విలియమే. ఆయన ధాన్యపు వర్తకుడు. స్వయంకృషితో పైకి వచ్చి, పిమ్మట ఆ నగరమునకు మేయరు కూడ అయ్యెను. పిల్లవాడు మాత్రము చిన్ననాటినుండియు దుర్బలుడు. ఊపిరితిత్తుల బాధ అతనిని విడువలేదు. చలికాలమున వారముల తరబడి గడప దాటనిచ్చెడివారు కారు. ఆ నిర్బంధములోనే అతని ఆటలు యంత్రములవైపు మళ్లినవి. పాత రాట్నపు చక్రములను సంపాదించి, త్రాళ్లకు బరువులు కట్టి మేడమెట్ల మీదుగ క్రిందికి వ్రేలాడవిడిచి, ఆ బరువులు దిగుచుండగా చక్రములు తిరుగునట్లు చేయుట అతనికి మిక్కిలి ఇష్టమైన ఆట. పైనున్న బరువు క్రిందికి దిగునప్పుడు పని చేయగలదు. ఆ పసివాడు మేడమెట్లవద్ద నేర్చిన పాఠము ఇంతే. అతని తక్కిన జీవితము ఆ పాఠమునకు వ్యాఖ్యానమనిన తప్పుండదు.

గాలి మార్పు కొరకు తలిదండ్రులు అతనిని కాకెట్ నదీలోయలోని రాత్‌బరి గ్రామమునకు తీసికొనిపోవుచుండిరి. అచ్చటనే ఆ బాలుడు గాలముతో చేపలు పట్టుట నేర్చి, రోజంతయు ఏటి ఒడ్డుననే గడుపుచుండెను. ఈ గ్రామము పేరు పాఠకులు గుర్తుంచుకొనవలెను. కథ మరల అచ్చటికే చేరును.

కొడుకునకు యంత్రములయందు గల మక్కువ తండ్రి ఎరుగనిది కాదు. కాని ఆ కాలమున ఇంజనీరు పనికంటె న్యాయవాదవృత్తికి గౌరవమును స్థిరత్వమును హెచ్చు. కుటుంబమిత్రుడైన డాంకిన్ అను సొలిసిటరు ఆ నగరమున పేరుగలవాడు. ఈ బాలుని తన వృత్తిలోనికి తెచ్చుకొనవలెనని ఆయన కోరిక. ఆర్మ్‌స్ట్రాంగ్ ఎదురుచెప్పలేదు. లండనులో న్యాయశాస్త్రమును అభ్యసించి 1833లో తిరిగివచ్చి, పిమ్మట డాంకిన్ కార్యాలయమున భాగస్వామి అయ్యెను. 1835లో మార్గరెట్ రామ్షాను వివాహమాడెను. ఆమె తండ్రి యంత్రనిర్మాత. విద్యార్థిగ నున్న దినములలో ఆర్మ్‌స్ట్రాంగ్ ఆయన కర్మాగారమునకు తరచు పోవుచుండెడివాడు. ఇట్లు పగలు దస్తావేజులతోడను, తీరిక వేళల యంత్రముల నమూనాలతోడను దాదాపు పదునాలుగు వత్సరములు గడచినవి. పెద్దలు చూపిన చదువు ఒకటి, మనస్సు పోయిన దారి మరియొకటి ఐన విద్యార్థులు మన తరగతులలోను లేకపోలేదు. వారికి ఈ పదునాలుగు వత్సరములు వ్యర్థముగ తోచవచ్చును. కాని పత్రములు వ్రాయుట, కంపెనీలు స్థాపించుట, ధనవంతులకు నమ్మకము కలిగించుట అను విద్యలు ఆయన నేర్చినది ఆ కార్యాలయముననే. అవి లేక ఎందరో యంత్రనిర్మాతలు దరిద్రులై గతించిరి.

1835 ప్రాంతమున ఒకనాడు డెంట్ లోయలో డీ అను చిన్న నదియందు చేపలు పట్టుచుండగా, ఒడ్డున తిరుగుచున్న ఒక నీటిచక్రము ఆయన కంటబడెను. పాలరాతి గనికి కావలసిన శక్తిని ఆ చక్రము సమకూర్చుచుండెను. చూచువారికి ముచ్చటగ నున్నది. కాని ఆర్మ్‌స్ట్రాంగ్ చూపు చక్రముపై నిలువక కొండపైకి పోయెను. నీరు ఎంతో ఎత్తునుండి రాళ్లపై దొరలుచు దిగివచ్చుచున్నది. చక్రము వాడుకొనుచున్నది ఆ దిగుటలో చివరి కొద్ది అడుగులు మాత్రమే. మిగిలిన శక్తియంతయు రాళ్లను ఒరసికొనుచు వ్యర్థమగుచున్నది. నీటిని పైననే పట్టి గొట్టములో క్రిందికి దింపినచో, ఆ ఎత్తు పూర్తిగ పీడనముగ మారి యంత్రమును నడపవలదా? ఆనాటి చేపల సంగతి ఏమో గాని, ఈ ఆలోచన మాత్రము గాలమునకు చిక్కి మరల వదలలేదు.

విద్యార్థులు ఇచ్చట ఒక లెక్క నేర్చుకొనవలెను. నీటిశక్తి రెండు సంగతుల లబ్ధము. సెకనుకు ఎంత నీరు వచ్చుచున్నది అనునది ఒకటి. ఆ నీరు ఎంత ఎత్తునుండి పడుచున్నది అనునది రెండవది. ఈ రెండవదానిని పతనమందము. సెకనుకు ఒక ఘనపు మీటరు నీరు ఒక మీటరు పతనముతో దిగినచో 9.8 కిలోవాట్ల శక్తి కలదు. యంత్రములలో పోవునది పోగా చేతికి వచ్చునది అందులో సుమారు సగము మొదలు మూడువంతులలో రెండు వంతులవరకు. కొండవాగున నీరు తక్కువ, పతనము హెచ్చు. మన కాలువలలో నీరు హెచ్చు, పతనము మిక్కిలి తక్కువ. లబ్ధమునకు రెండును కావలెను. ఒకటి సున్న ఐనచో రెండవది ఎంత పెద్దదైనను ఫలము సున్నయే. నిండుగ పారు గౌతమిని చూచి ఇంత శక్తి వృథా అగుచున్నదే యని చింతించువారు ఈ గుణకారమును మరచుచున్నారు.

ఆర్మ్‌స్ట్రాంగ్ జీవితమున తరువాతి ఘట్టము విద్యుత్తునకు సంబంధించినది. కాని నీటి విద్యుత్తు కాదు. 1840లో న్యూకాజిల్ సమీపమున ఒక బొగ్గుగనివద్ద బాయిలరునుండి చిమ్ముచున్న ఆవిరిలో చేయి పెట్టిన పనివానికి విద్యుద్ఘాతము తగిలెను. ఆ వార్త విని ఆర్మ్‌స్ట్రాంగ్ అచ్చటికి పోయి పరీక్షించి, ఆవిరి వెలువడునప్పుడు విద్యుత్తు పుట్టుచున్నదని నిరూపించి, అట్లు విద్యుత్తును పుట్టించు పెద్ద యంత్రమును నిర్మించెను. దానికి ఆయన పెట్టిన పేరు జలవిద్యుద్యంత్రము. ఈ పేరు చూచి కొందరు పొరబడుదురు. నేడు మనము జలవిద్యుత్తు అనుదానికిని దీనికిని పేరు తప్ప సంబంధము లేదు. ఐనను ఈ పరిశోధనవలననే 1846లో ఆయనకు రాయల్ సొసైటీ సభ్యత్వము లభించెను. అప్పటికి ఆయన ఇంకను సొలిసిటరే.

నీటి యంత్రము నెరవేరుటకు మార్గము త్రాగునీటి రూపమున వచ్చెను. 1845లో న్యూకాజిల్ నగరమునకు దూరపు చెరువులనుండి గొట్టములలో మంచినీరు తెచ్చు కంపెనీ ఏర్పడెను. దాని స్థాపనలో ఆర్మ్‌స్ట్రాంగ్ ముఖ్యుడు. ఎత్తైన చెరువుల నీరు పల్లమందలి రేవు దగ్గరకు వచ్చునప్పటికి అవసరమునకు మించిన పీడనము కలిగియుండెను. ఆ మిగులు పీడనముతో రేవులోని క్రేనును నడుపుదునని ఆయన నగరాధికారులకు చెప్పెను. 1846లో క్రేను నడచెను. మనుష్యులు చక్రములు త్రిప్పి ఎత్తు బరువులను ఒక్కడు కుళాయి త్రిప్పినంత మాత్రమున ఎత్తగలిగెను. ఓడలనుండి సరుకు దిగు వేగము పెరిగెను. మరుసటి సంవత్సరమే ఆర్మ్‌స్ట్రాంగ్ న్యాయవాదవృత్తికి నమస్కరించి, టైన్ ఒడ్డున ఎల్స్‌విక్ అను చోట కర్మాగారము స్థాపించెను. వయస్సు ముప్పదియారు.

కోనసీమవాసులు విశేషముగ గమనింపదగినది ఆ తరువాతి సంగతి. క్రేనులు కావలెనని అన్ని రేవులనుండియు కబురులు వచ్చినవి. కాని అన్ని రేవులకును పైన కొండలును చెరువులును ఉండవు. గ్రిమ్స్‌బీ రేవున పీడనము కొరకు 309 అడుగుల ఎత్తున ఒక గోపురము కట్టి దానిపై నీటి తొట్టి నుంచిరి. అది 1852లో పూర్తియయ్యెను. హంబరు నదీముఖమున న్యూ హాలండ్ అను రేవువద్ద అదియు సాధ్యము కాలేదు. అచ్చటి నేల ఇసుక. గోపురపు బరువును మోయజాలదు. అంతర్వేది ఇసుకపై ఆకాశమంత గోపురము కట్టుమన్నట్టి చిక్కు అది. ఆర్మ్‌స్ట్రాంగ్ గోపురమును మాని, నిలువుగ నిలిపిన ఒక ఇనుప గొట్టములో ముషలకము నుంచి, దానిపై గొప్ప బరువును వేసెను. ఆవిరియంత్రము మెల్లమెల్లగ నీటిని లోనికి నెట్టి బరువును పైకెత్తును. క్రేనుకు నీరు కావలసినప్పుడు ఆ బరువు దిగుచు నీటిని మహాపీడనముతో పంపును. దీనికి అక్యుములేటరని పేరు. ఎత్తు లేనిచోట ఎత్తును కల్పించుట ఇదియే. మేడమెట్లమీది బరువులును రాట్నపు చక్రములును మనకు జ్ఞప్తికి రాకమానవు. 1876లో టైన్‌పై తిరుగు వంతెనయు, 1894లో లండనులోని టవర్ బ్రిడ్జి తలుపులును ఈ విద్యచేతనే కదలినవి.

ఇంతవరకు చెప్పిన కథలో ఎవరికిని కీడు లేదు. ఇక చెప్పవలసినది వేరు. 1854లో క్రిమియా యుద్ధము వచ్చెను. బ్రిటిషు సైన్యపు ఫిరంగులు మోయరాని బరువనియు, బురదలో కదలవనియు పత్రికలలో చదివిన ఆర్మ్‌స్ట్రాంగ్, తేలికయై, వెనుకనుండి గుండు నింపదగి, గొట్టములోపల చుట్టుగాడులు గల క్రొత్త ఫిరంగిని నిర్మించెను. గుండు దూరమును గురియు మిక్కిలి పెరిగినవి. 1859లో ఆయన ఆ పేటెంటు హక్కులను ప్రభుత్వమునకు ప్రతిఫలము లేకయే సమర్పించి సర్ బిరుదము పొందెను. నాలుగేండ్లకు ప్రభుత్వముతో ఆ సంబంధము తెగిపోగా, ఎల్స్‌విక్ ఫిరంగులు పరదేశములకు అమ్ముడుపోవుట మొదలయ్యెను. అమెరికా అంతర్యుద్ధమున ఉభయపక్షములకును ఆ ఫిరంగులు చేరినవి. ఆయుధము చేయుట తన పని, దానిని వాడుటలోని మంచిచెడ్డలు వాడువారివి అని ఆయన తన మనస్సునకు చెప్పుకొనెను. ఈ సమాధానము చాలునా యని పాఠకులకు తోచక మానదు. నాకు చాలినట్లు తోచదు.

పనివారియెడ కూడ ఆయన మెత్తనివాడు కాడు. 1871లో టైన్ తీరపు యంత్రకార్మికులు దినమునకు తొమ్మిది గంటల పని కోరి సమ్మె కట్టినప్పుడు యజమానుల పక్షమున ముందు నిలిచినవాడు ఆర్మ్‌స్ట్రాంగే. అయిదు నెలల పోరాటము పిమ్మట పనివారే గెలిచిరి. పిల్లలకు మహనీయుల చరిత్రలు చెప్పునప్పుడు ఇట్టి పుటలు దాటవేయు అలవాటు మనలో కలదు. దాటవేసినచో ఈ మనుష్యుడు మనకు అర్థము కాడు.

ఏలయనగా, బొగ్గును రాసులుగ కాల్చు ఈ కర్మాగారాధిపతియే 1863లో న్యూకాజిల్‌లో సమావేశమైన బ్రిటిషు శాస్త్రసభకు అధ్యక్షుడై, బొగ్గు తరుగుచున్నదని హెచ్చరించెను. ఇంగ్లండునకు బొగ్గువలన గల ప్రాభవము రెండు శతాబ్దములకు మించి నిలువదని ఆయన అంచనా. ఆవిరియంత్రము బొగ్గులోని శక్తిలో అధికభాగమును వ్యర్థము చేయుచున్నదని విమర్శించెను. ఉష్ణదేశములపై పడు సూర్యతాపములో ఎంత శక్తి నిండియున్నదో సభ్యులకు లెక్కకట్టి చూపెను. ఆ సభ జరిగిన నగరము బొగ్గునకే పుట్టినిల్లు. వినువారికి ఎట్లుండెనో ఊహింపవచ్చును. మన ప్రాంతమున నేల అడుగున గ్యాసు కలదు. 1995 జనవరిలో పాశర్లపూడివద్ద బావి పేలి 65 దినములు మండినప్పుడు, తరుగు వస్తువును కాల్చుకొనుట యెట్టిదో రాజోలు ప్రజలు రాత్రింబగళ్లు కన్నులార చూచిరి.

ఆ 1863వ సంవత్సరముననే ఆర్మ్‌స్ట్రాంగ్ విశ్రాంతి కొరకు చిన్ననాటి రాత్‌బరికి పోయి, ఊరి దాపున డెబ్డన్ అను వాగు పారు ఇరుకు లోయలో కొంత భూమి కొనెను. అది చెట్టులేని రాతికొండ. అచ్చట మొదట చిన్న విడిది కట్టించి, 1869 నుండి నార్మన్ షా అను వాస్తుశిల్పిచేత దానిని పెద్ద భవనముగ పెంచెను. క్రాగ్‌సైడ్ అని దాని పేరు. కొండపై లక్షల సంఖ్యలో చెట్లు నాటించెను. వాగులకు అడ్డకట్టలు వేసి చెరువులు ఏర్పరచెను. భార్య మార్గరెట్‌కు తోటలపై మక్కువ. రాళ్ల నడుమ మొక్కలు పెంచుట ఆమె పర్యవేక్షణలో సాగెను.

ఆ ఇంట నీరు చేయని పని లేదు. నీటి పీడనముతో మేడపైకి లిఫ్టు నడచెను. వంటయింట మాంసము కాల్చు ఇనుప కమ్మి తనంత తాను తిరిగెను. నీరు తన బలముతోనే తనలో కొంత భాగమును పైతొట్టికి ఎక్కించుకొను జలయంత్రమొకటి రాత్రింబగళ్లు పని చేయుచుండెను. ఇవి అన్నియు రేవులలోని క్రేనుల తోబుట్టువులే. వీనిలో క్రొత్త లేదు. క్రొత్త ఏమనగా, ఆ నీటినే దీపమునకు వాడుట.

1878లో వాగుపై చెరువు కట్టకు దిగువన ఒక టర్బైనును, దానికి తగిలించి సీమెన్సు డైనమోను ఉంచి, తీగలద్వారా విద్యుత్తును ఇంటికి తెచ్చి, చిత్రపటములుంచు గదిలో ఒక ఆర్కు దీపమును వెలిగించెను. ఆర్కు దీపమనగా రెండు బొగ్గుకడ్డీల నడుమ విద్యుత్తు గంతువేయుటవలన కలుగు వెలుగు. అది కన్నులు చెదరునంత తీక్ష్ణము, బుసకొట్టుచుండును. వీధికి, రేవునకు తగును గాని చదువుకొను గదికి తగదు. అదృష్టవశమున తగిన దీపము ఆయన ఊరిలోనే పుట్టుచుండెను. టైన్‌కు ఆవలి ఒడ్డునగల గేట్స్‌హెడ్‌లో జోసెఫ్ స్వాన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు గాజుబుడ్డిలో గాలి తీసివేసి, సన్నని బొగ్గునారతో వెలుగు దీపమును సాధించి, 1879లో న్యూకాజిల్ సాహిత్య తాత్త్విక సంఘమున ప్రదర్శించెను. ఆ సంఘమునకు అధ్యక్షుడు ఆర్మ్‌స్ట్రాంగ్. 1880లో స్వాన్ దీపములు క్రాగ్‌సైడ్‌లో అమరినవి.

గ్రంథాలయములోని దీపముల ఏర్పాటు ముచ్చటైనది. రాగిపై రంగుగాజు పూత వేసిన కలశములకు పైన గాజుబుడ్లు అమర్చిరి. కలశము అడుగున, పాదరసము నింపిన చిన్న గుంటలో తీగ తాకగానే దీపము వెలుగును. కలశమును పైకెత్తిన ఆరిపోవును. మరల దింపిన వెలుగును. మీటలు ఇంకను వాడుకలోనికి రాని దినములవి. ఇట్టి ఏర్పాటును నేటి విద్యుచ్ఛాఖవారు చూచినచో వెంటనే తీగ కోసివేయుదురు; విద్యార్థులు దీనిని ఇంట పరీక్షింపరాదు.

ఆర్మ్‌స్ట్రాంగ్ 1881 జనవరిలో ఒక ఇంజనీరింగు పత్రికకు లేఖ వ్రాసి తన ఏర్పాటును లోకమునకు వివరించెను. అందులో గొప్పలకంటె లోటుపాట్ల లెక్కయే హెచ్చుగ ఉపయోగపడును. ఇంటనున్న దీపములు 45. కాని ఒక్కసారి వెలిగింపదగినవి 37 మాత్రమే. భోజనశాలలో వెలిగించిన మరియొక గదిలో ఆర్పవలెను. కారణమేమనగా శక్తి పరిమితము. టర్బైనుకు లభించు పతనము ముప్పది అడుగులకు లోపే. పైగా యంత్రశాలకును ఇంటికిని నడుమ దూరము 1500 గజములు, అనగా కిలోమీటరునకు మించి మూడోవంతు. ఆనాటి తక్కువ వోల్టేజితో అంత దూరము తీగలో విద్యుత్తును పంపునప్పుడు కొంత తీగను వెచ్చచేయుటకే సరిపోవును. ఇంటి కొరకు విద్యుత్తు పుట్టింపదలచిన ప్రతివానికిని నేటికిని ఎదురగు ప్రశ్నలు ఇవియే. నీరెంత, పతనమెంత, ఇల్లెంత దూరము.

ఆయన మూడింటిలో రెండవదానిని పట్టుకొనెను. 1886లో కొండపైనున్న చెరువులనుండి గొట్టముద్వారా నీటిని లోయ అడుగునకు దింపి, బర్న్‌ఫుట్ అను చోట క్రొత్త యంత్రశాల కట్టించెను. ఇచ్చటి పతనము 340 అడుగులు. మొదటిదానికంటె పదిరెట్లకు పైబడి ఎత్తు. అనగా అంతే వెలుగునకు పదవవంతు నీరు కూడ అక్కరలేదు. డెంట్ లోయలో చేపలు పట్టునాడు తోచిన గొట్టపు ఆలోచన యాబది సంవత్సరములకు ఇట్లు దీపమై వెలిగెను. వానలు లేనప్పుడు మాత్రము చెరువులు ఎండెడివి. అందుకై బ్యాటరీలును, తరువాత గ్యాసుతో నడచు ఇంజనును తోడు పెట్టవలసివచ్చెను. ప్రకృతి ఉచితముగ ఇచ్చునది తన ఇష్టము వచ్చినప్పుడే ఇచ్చునను సంగతి ఆ ధనవంతునకును తప్పలేదు.

ఈ లెక్కలను కోనసీమకు అన్వయించి చూతము. నేడు మన ఇండ్లకు విద్యుత్తు తీగలు కలవు. కాని 1996 నవంబరు తుపానులో కొబ్బరిచెట్లతోపాటు స్తంభములును కూలి, గ్రామములు దినముల తరబడి చీకటిలో మునిగినప్పుడు, తీగలేని ఇంటి సంగతి అందరికిని తెలిసివచ్చెను. ఒక సాధారణ గృహమునకు ఒక కిలోవాటు చాలుననుకొందము. 30 మీటర్ల పతనముగల మన్యపు వాగున అందుకు సెకనుకు సుమారు 6 లీటర్ల నీరు చాలును. లాకులవద్ద ఒకటిన్నర మీటరు పతనము దొరికినచో సుమారు 125 లీటర్లు కావలెను. కాలువలో ఆ నీరు లేకపోలేదు. కాని అది పైరు కొరకు వదలిన నీరు. ఇంటింటివారు కాలువకు అడ్డుపడుటకు వీలులేదు. వేసవిలో కాలువలు కట్టివేయుదురు. మిగిలిన కాలమున గుర్రపుడెక్క వచ్చి యంత్రపు నోటికి అడ్డుపడును. దానిని ఆపు కమ్మెల జల్లెడను ప్రతిదినము శుభ్రము చేయు మనిషి లేనిదే టర్బైను తిరుగదు. కనుక డెల్టాలో ఈ పని ఇంటికంటె ఊరికి, ఊరికంటె ప్రభుత్వమునకు తగినది. నిడదవోలు వైపున చెట్టిపేటవద్ద ఏలూరు కాలువపై 500 కిలోవాట్ల యంత్రములు రెండు ఇట్లే స్వల్ప పతనముతో విద్యుత్తు నిచ్చుటకై నిర్మితమైనవి. మన దేశమున ఈ విద్య 1897లో డార్జిలింగు సమీపమున మొదలయ్యెను. 1902లో శివసముద్రమునను, 1955లో మన మాచ్‌ఖండునను పెద్దరూపు దాల్చెను. 1897 నాటికి ఆర్మ్‌స్ట్రాంగ్ ఇంకను జీవించియే యుండెను.

క్రాగ్‌సైడ్ కీర్తి వ్యాపించి రాజులు అతిథులుగ వచ్చిరి. 1884లో వేల్సు యువరాజు సకుటుంబముగ వచ్చి బస చేసెను. పారశీక ప్రభువు వచ్చెను. సయాము రాజు వచ్చెను. వారు సెలయేటి దీపములను చూచి ఆశ్చర్యపడుటకు మాత్రమే వచ్చిరనుకొనరాదు. ఎల్స్‌విక్‌లో యుద్ధనౌకలును ఫిరంగులును అమ్మకమునకు ఉండెను. విందు జరిగిన గదిలోని దీపములు ఎవరికిని హానిచేయని నీటితో వెలుగుచుండ, ఆ వెలుగులో జరిగిన సంభాషణలు మాత్రము అట్టివి కావు. 1887లో విక్టోరియా రాణి ఆయనకు ప్రభుపదవి నొసగెను.

మార్గరెట్ 1893లో మరణించెను. వారికి సంతానము లేదు. ఎనుబది దాటిన వయస్సున ఆ వృద్ధుడు మరల విద్యుత్తుతో ఆడుకొనసాగెను. క్రాగ్‌సైడ్‌లోనే పరిశోధనలు చేసి, గాలిలోను నీటిలోను విద్యుత్తు కదలికలను ఛాయాచిత్రములతో చూపు గ్రంథమును 1897లో ప్రకటించెను. ఫిరంగులనుగూర్చి గాక, చిన్ననాటి కుతూహలమునుగూర్చి వ్రాసిన గ్రంథమది. సంపాదనలో పెద్దభాగము న్యూకాజిల్ నగరమునకు ఉద్యానముగ, ఆస్పత్రిగ, కళాశాలగ తిరిగివచ్చెను. ఆ కళాశాలయే పెరిగి నేటి న్యూకాజిల్ విశ్వవిద్యాలయమయ్యెను. 1899 జూలైలో కాటన్ దొర కన్నుమూసెను. మరుసటి యేడు డిసెంబరు 27వ తేదీన క్రాగ్‌సైడ్‌లో ఆర్మ్‌స్ట్రాంగ్ మరణించెను. రాత్‌బరి శ్మశానవాటికలో ఆయనను సమాధి చేసిరి.

వాగు నీటితో ఆ ఇంటి దీపములు 1945 వరకు వెలిగినవి; ఆ సంవత్సరమున ఇంటికి సామాన్య విద్యుత్తు తీగలు రాగా యంత్రములు ఆగిపోయినవి. 1977లో భవనము నేషనల్ ట్రస్టు వశమయ్యెను. 2014లో ఆ సంస్థవారు ఎస్టేటులోని ఒక చెరువువద్ద మరల నీటితో విద్యుత్తు పుట్టించు యంత్రమును నెలకొల్పిరి. ఈమారు వాడినది టర్బైను కాదు. 17 మీటర్ల పొడవుగల ఆర్కిమిడీసు మర. ప్రాచీనులు ఆ మరను త్రిప్పి పల్లపు నీటిని మెరకకు ఎక్కించుకొనెడివారు. మన ఏతమును, గూడయు చేసిన పనియే అది. ఇచ్చట దానిని తలక్రిందుగ వాడిరి. పైనుండి దిగు నీరే మరను త్రిప్పును. మర డైనమోను త్రిప్పును. మెల్లగ తిరుగును గనుక చేపలకు హాని లేదు. ఆకు అలము కొంత వచ్చినను సులభముగ ఆగదు. ఒకటి రెండు మీటర్ల పతనమున్నను అట్టి మర పని చేయగలదు.